ట్రూడీ కుచెరా పిస్తోలు కొన్న వైనం

ట్రూడీ కుచెరాకి తుపాకీలు కొత్త కాదు. నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య పశువుల కాపరుల ఇంట్లో పుట్టిన పిల్ల. దూడల మీదికి వచ్చే తోడేలు నక్కల్ని తరమడానికి పదేళ్ళ వయసులోనే తండ్రి రైఫిలు భుజానికెత్తుకుంది. కానీ పిస్తోలు వేరు. నలభై మూడేళ్ళు వచ్చేదాకా దాని అవసరం ఆమెకి కలగలేదు. మార్చి నెలలో మంచు విరగబడి కురిసిన ఒక మధ్యాహ్నం కలిగింది.

లోవెట్ కౌంటీ షెరీఫు ఆఫీసులో అత్యవసర ఫోన్లు అందుకోవడం ఆమె పని. కోర్టు భవనం కింది అంతస్తులో కూర్చుని, ఆపదలో ఉన్నవాళ్ళ మాట విని, రోడ్ల మీద తిరిగే డెప్యూటీలకు, అంటే షెరీఫు కింది పోలీసులకు, రేడియోలో కబురందిస్తుంది. కౌంటీ పొడుగు చూస్తే ఒక చిన్న దేశమంత. డెప్యూటీలు చూస్తే ముగ్గురు.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసిన మనిషి వంటింటి సామాన్ల గదిలో దాక్కుని ఉంది. విడిపోయిన మొగుడు తాగి వచ్చి వీధి తలుపు బద్దలు కొడుతున్నాడు.

"లోపలికొచ్చేశాడు," అంది ఆమె. గొంతు గుసగుస కన్నా సన్నంగా ఉంది.

"నేను లైన్లోనే ఉన్నానమ్మా. నువ్వేం మాట్లాడకు. నీ ఊపిరి నాకు వినపడుతుంటే చాలు," అంది ట్రూడీ.

డ్యూటీలో ఉన్న ఒక్క డెప్యూటీ కౌంటీకి ఆ కొసన, మంచులో బోల్తా పడ్డ పశువుల లారీ దగ్గర ఉన్నాడు. రావడానికి గంట పట్టింది. ఆ ఇల్లు కోర్టు భవనానికి ఇరవై నిమిషాల దూరం. ట్రూడీ బండి బయటే ఉంది. ఇంజను వేడెక్కించే తీగ కూడా తగిలించే ఉంది. అయినా ఆమె కుర్చీలోంచి కదలడానికి లేదు. కదిలి వెళ్ళినా చేతిలో ఏముందని? చెవిలో తలుపు విరిగిన చప్పుడు విన్నది. తర్వాత కేకలు విన్నది. తర్వాత ఏమీ వినపడలేదు.

డెప్యూటీ చేరేసరికి వాడు పారిపోయాడు. పక్క కౌంటీలో పట్టుకున్నారు. ఆడమనిషి చెయ్యి రెండు చోట్ల విరిగింది గానీ ప్రాణం దక్కింది. గండం గడిచిందని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ట్రూడీ మాత్రం మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి షెరీఫు గార్త్ ఎమెరిక్ బల్ల ముందు నిలబడింది.

"నాకూ ఒక బ్యాడ్జీ ఇప్పించండి, షెరీఫ్ గారూ."

ఎమెరిక్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉంటాడు ఎప్పుడూ. తొక్క కాగితం కప్పులోకి ఊసి అన్నాడు: "ఫోన్ దగ్గర నువ్వున్నావన్న ధైర్యంతోనే నేను కంటినిండా నిద్రపోతున్నా. నిన్ను రోడ్డు మీదికి పంపి ఇక్కడెవర్ని కూర్చోబెట్టమంటావ్? మా అత్తగార్నా?"

"మీ అత్తగారి గొంతు వింటే దొంగలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి లొంగిపోతారు. నేను హాస్యానికి అనట్లేదండీ. శని, ఆదివారాలు నాకు సెలవే కదా. జీతం అక్కర్లేదు. రిజర్వు డెప్యూటీగా పెట్టుకోండి."

"నలభై దాటాక ఇదేం సరదా?"

"ఆ పిల్ల ఊపిరి ఆగిపోయినట్టు వినపడింది నాకు. ఈ చెవికి. మీకు వినపడలేదు."

ఎమెరిక్ గింజలు నమలడం ఆపాడు. చివరికి, తరగతులకు పేరు రాస్తానన్నాడు. నాలుగు వారాల్లో తనే మానేస్తుందని అతని లెక్క. ఆమె మానలేదు. చట్టం పాఠాలు, బండి నడపడం, గాయాలకి కట్లు కట్టడం, అన్నీ గట్టెక్కింది. మిగిలింది కాల్పుల పరీక్ష. కౌంటీ చొక్కా ఇస్తుంది, బ్యాడ్జీ ఇస్తుంది. పిస్తోలు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పాతకాలపు రివాల్వరు పనికి రాదు. ఒక తూటా పేలగానే తనంతట తనే రెండోది ఎక్కించుకునే రకమే కావాలి.

ఏప్రిల్ పరీక్షకి షెరీఫు తన రెండో పిస్తోలు అరువిచ్చాడు. అది అతని చేతికి తగ్గ ఇనుప దిమ్మ. ట్రూడీ చేతులు పొట్టివి. ట్రిగ్గరు అందుకోవాలంటే పిడి మీద పట్టు సడలించాలి, పట్టు బిగిస్తే వేలు అందదు. పేలిన ప్రతిసారీ అది అరచేతిలో చేపలా మెలికలు తిరిగింది. దూరం పెరిగేకొద్దీ తూటాలు మనిషి బొమ్మని వదిలేసి వెనకాల మట్టికట్టలో పడ్డాయి. పక్కన పరీక్షకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు.

"జూన్లో ఇంకోసారి పెడతాం," అన్నాడు ఎమెరిక్, మరీ కటువుగా కాదు. "అప్పటికీ కుదరకపోతే దిగులు పడకు. ఫోనెక్కడికీ పోదు."

"మీ పిస్తోలు నా చేతికి సరిపోలేదు."

"అందరూ అదే అంటారు, ట్రూడీ."

దారంతా ఆ మాట ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆమె భర్త వెండెల్ గాలిమరలు బాగుచేస్తాడు. దిబ్బల మధ్య పశువులకు నీళ్ళు తోడే మర ఎక్కడ ఆగినా అతనికే కబురొస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర సంగతంతా విని, నిచ్చెనలెక్కి కాయలు కాసిన చేత్తో గడ్డం గోక్కున్నాడు.

"పికప్ గేర్ల కోసం దాచిన డబ్బుంది కదా, తీసుకో."

"దానికి రివర్స్ పడట్లేదుగా?"

"పడకపోతే ఏం? ముందుకి పోతోంది, చాల్దా? వెనక్కి పోయే అలవాటు మనింట్లో ఎవరికీ లేదు."

ఆ డబ్బు నాలుగు వందల డాలర్లు. పిస్తోలు అందులోనే రావాలి, తూటాలూ అందులోనే రావాలి. కొత్తవి, పేరున్నవి అయితే ఆ డబ్బంతా పెట్టినా ఒక్క పిస్తోలు కూడా చేతికి రాదు. ట్రూడీకి తెలుసు. అయినా డబ్బు కవరు తీసుకుని జేబులో పెట్టుకుంది. కొనడానికి కావలసిన అనుమతి చీటీ మీద సంతకం చేయాల్సింది కూడా ఎమెరిక్కే. అతను పెన్ను మూత పెట్టి, "పట్టు వదలవన్నమాట," అన్నాడు. ఆమె చీటీ మడిచి కవర్లో పెట్టుకుంది.

ఊళ్ళో తుపాకులు అమ్మేది ఓర్విల్ టాగర్ట్ ఒక్కడే. ఒకే కొట్లో దాణా బస్తాలు, చేపల ఎర, తుపాకులు. ట్రూడీని చిన్నప్పటినుంచి ఎరుగును గనక ఆమెకేం కావాలో ఆమెకన్నా తనకే బాగా తెలుసని అతని నమ్మకం. ఆమె నోరు తెరిచే లోపే గాజు బీరువాలోంచి గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి పిస్తోలు తీశాడు.

"ఇదిగో అమ్మాయ్. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలీదు."

"నాకు హ్యాండ్‌బ్యాగు లేదు, ఓర్విల్ గారూ."

"అదీ అమ్ముతానులే."

"ముందు కాల్చి చూడనివ్వండి."

కొట్టు వెనక రేకుల షెడ్డులో అతనికి చిన్న కాల్పుల చోటుంది. బుల్లి పిస్తోలు బరువు లేకపోవడంతో పేలిన ప్రతిసారీ కొరడాతో కొట్టినట్టు మణికట్టు మీద తన్నింది. ట్రిగ్గరు ఎంత లాగినా రాదు, వచ్చేసరికి గొంతెండిపోతుంది. గొట్టం పొట్టిది కావడంతో గురి పెట్టే రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా కాగితం మీద అది జానెడైంది.

"జేబులో ఉండడానికి మంచిదే," అంది ట్రూడీ దాన్ని బల్ల మీద పెడుతూ. "నాకు కావాల్సింది పేలడానికి."

ఓర్విల్ మూతి ముడుచుకుని, ఈసారి నిగనిగలాడే కొత్త సరుకు తీశాడు. ఎవరూ పేరు వినని కంపెనీ. గొట్టం కింద గురి చూపే ఎర్రదీపం, నగిషీ పిడి, మూడు వందల లోపే ధర. చేతికీ సరిపోయింది. మొదటి ఐదు తూటాలూ మధ్యలోనే పడ్డాయి. ఆరోది పేలింది గానీ ఖాళీ తొడుగు బయటికి ఎగరలేదు. సగంలో ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడింది. దాన్ని తీసి మళ్ళీ కాల్చింది. ఇంకో మూడు పేలాక మళ్ళీ అదే వరస.

"కొత్తది కదా! వాడగా వాడగా అదే దారిలో పడుతుంది," అన్నాడు ఓర్విల్.

"తలుపు బద్దలు కొట్టుకుని వచ్చేవాడు, ఇది దారిలో పడేదాకా బయట కుర్చీ వేసుక్కూర్చుంటాడా?"

"ఈ డబ్బుకి నీకు దేవలోకం నుంచి దిగొస్తుందేంటి?"

"దిగిరానక్కర్లేదు. పేలితే చాలు, ప్రతిసారీ." ఆమె చెవుల మీది రక్షణ తీసి అతని చేతికిచ్చి వచ్చేసింది.

మే నెల మొదటి శనివారం, పక్క కౌంటీ సంత మైదానంలో తుపాకుల అంగడి పెట్టారు. వెండెల్ బండిని ముక్కు బయటికి ఉండేలా మైదానం అంచున ఆపాడు. వెనక్కి పోదు గనక అతను ఎక్కడ ఆపినా ముందుచూపుతోనే ఆపాలి. గొర్రెల పోటీలు జరిగే రేకుల హాల్లో బల్లలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక మూల చర్చి ఆడవాళ్ళు చిల్లీ కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె అమ్ముతున్నారు. వెండెల్ ముక్కు అటే లాగింది. కానీ దారిలోనే అతని కాళ్ళకి ఒక బల్ల అడ్డం పడింది.

"ట్రూడీ! ఇటు చూడు!"

తెల్లని పిడి, వెండిలా మెరిసే ఒళ్ళు, చెక్కిన ఆకులు, తీగలు. పోటీల్లో కాల్చడానికి చేసిన పాత పిస్తోలు. యజమాని చనిపోతే పిల్లలు అమ్ముకుంటున్నారని, అందుకే ఇంత చవకని చెప్పాడు బల్ల వెనక కూర్చున్న టోపీవాడు. చేతిలోకి తీసుకోగానే ట్రూడీకి కూడా వదలబుద్ధి కాలేదు. పిడి అరచేతిలో ఒదిగింది. ట్రిగ్గరు వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది. ఒక్క క్షణం కవరున్న జేబు దగ్గరికి ఆమె చెయ్యి దానంతటదే పోయింది కూడా. తర్వాత ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, పైభాగం వెనక్కి లాగి, గొట్టం ఊడదీయమని అడిగింది.

"చూడ్డానికొచ్చావా, కొనడానికొచ్చావా?" అన్నాడు టోపీవాడు.

"చూడకుండా కొనేది లాటరీ టికెట్టొక్కటే."

గొట్టం లోపలికి టార్చి వేసి చూసింది. తూటాని గిర్రున తిప్పి పంపే లోపలి గాడులు చాలాచోట్ల తుప్పు తినేసి ఉన్నాయి. మశూచి మచ్చల్లా గుంటలు. పైన పటారం, లోన లొటారం. ట్రూడీ గొట్టాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి కదిలింది. వెండెల్ దాని వంక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వెళ్ళి చిల్లీ తిను," అంది ట్రూడీ. "నీ కళ్ళు పక్కనుంటే నా డబ్బుకి భద్రత లేదు."

హాలు చివర, కిటికీ కింద, ఒక పెద్దావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుని ఉంది. జెనీవా పాపెన్ అని అట్టముక్క మీద రాసి ఉంది. ఆవిడ ముందు బంగాళాదుంపల్లా ప్లాస్టిక్ బుట్టలో పోసిన నల్ల పిస్తోళ్ళు. అన్నీ ఒకే రకం. అంచుల్లో నలుపు పోయి తెల్ల లోహం బయటపడింది. పిడులు అరిగి నున్నబడ్డాయి.

"ఇవేంటండీ?"

"పోలీసులు వాడి వదిలేసినవి తల్లీ. ఏదో ఊళ్ళో అందరికీ కొత్తవి కొన్నార్ట, పాతవి గంపగుత్తగా అమ్మేశారు. నేనూ పాతికేళ్ళు జైలు కాపలా చేశాను, ఇదే రకం నడుముకి కట్టుకుని."

"బాగా అరిగిపోయినట్టున్నాయే."

"పైన అరిగింది. తోలు సంచిలో ఎక్కించడం, దించడం, కార్లో కూర్చోవడం, లేవడం. కాల్చేది ఏడాదికోసారి పరీక్షకి. మా వాళ్ళకి బద్ధకం ఎక్కువ." ఆవిడ సూదులు ఆపకుండానే గడ్డంతో బుట్ట చూపించింది. "నా మాట నమ్మొద్దు. విప్పి చూసుకో."

ట్రూడీ విప్పింది. ఒకటి, ఇంకోటి, మరోటి. నాలుగో దాని గొట్టం లోపల అద్దంలా ఉంది, గాడులు పదునుగా ఉన్నాయి. ఎటు కదిలించినా భాగాలు లొటలొటలాడలేదు. చేతికి బరువుగా ఉంది గానీ దిమ్మలా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వేలు ట్రిగ్గరు మీద పడ్డాక కూడా పిడి మీద పట్టు చెక్కుచెదరలేదు. ధర మూడు వందలు. మూడు మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపే డబ్బీలు, దాంతోపాటే.

"కాల్చి చూశాకే డబ్బిస్తాను," అంది ట్రూడీ.

"ఇక్కడ పేలిస్తే చర్చి ఆడవాళ్ళు చిల్లీ గిన్నెతో సహా బల్ల కిందికి దూరతారు."

"మీ ఇంటికొస్తాను."

జెనీవా మొదటిసారి సూదులు ఆపి ఆమెని తేరిపార చూసింది. "దేనికి కావాలి నీకు?"

ట్రూడీ చెప్పింది. మంచు రోజు ఫోన్ సంగతి, అరువు పిస్తోలు, జూన్ పరీక్ష, అన్నీ. విన్న తర్వాత పెద్దావిడ ఆ నాలుగో పిస్తోలుని బుట్టలోంచి తీసి తన ఊలు సంచిలో వేసుకుంది.

"రేపు చర్చి అయ్యాక రా. దీన్ని ఎవరికీ అమ్మను."

జెనీవా పచ్చిక బయల్లో, ఎత్తైన ఇసుక దిబ్బకి ఆనించి, అట్టపెట్టె నిలబెట్టి కాగితం అంటించారు. ట్రూడీ రెండు రకాల తూటాలు తెచ్చింది. తిండి మారితే కడుపు పాడయ్యే మనుషుల్లాగే కొన్ని పిస్తోళ్ళుంటాయని తరగతిలో చెప్పారు. మొదటి డబ్బీ ఖాళీ అయ్యేదాకా ఆగకుండా పేలింది. రెండోది కూడా. మూడోది సగంలో ఆగింది. తూటా పైకి రాలేదు. ట్రూడీ దాన్ని సరిచేసి కాల్చింది. కాసేపటికి మళ్ళీ ఆగింది.

వెండెల్ బండికి చేరగిలబడి చూస్తున్నాడు. "వదిలేయవే. పద, ఇంకేదైనా చూద్దాం."

"ఆగు." ఆమె వంగి మూడు డబ్బీలనూ గడ్డి మీద వరసగా పేర్చింది. మూడూ ఒకేలా ఉన్నాయి. "జెనీవా గారూ, మీ దగ్గర గోళ్ళ రంగుందా?"

"ఈ వయసులో నాకెందుకే? ఆగు, మనవరాలిది స్నానాలగదిలో ఉండాలి."

ఎర్రరంగుతో ఒకదానికి ఒక చుక్క, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు పెట్టి ఆరనిచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఒక చుక్కది ఆగలేదు. మూడు చుక్కలదీ ఆగలేదు. రెండు చుక్కలది ఆగింది. వరస మార్చి కాల్చింది, తూటా రకం మార్చి కాల్చింది. ప్రతిసారీ మొరాయించింది అదొక్కటే. పిస్తోల్లో దోషం లేదు. ఆ డబ్బీలో తూటాల్ని పైకి తోసే స్ప్రింగు నీరసించిపోయింది.

"అది నాకివ్వు, వేరేది ఇస్తాను," అంది జెనీవా. "పిస్తోలు లోపలి స్ప్రింగు కూడా పాతదే. పది డాలర్లు పెడితే కొత్తదొస్తుంది. ముందు అది మార్పించు."

ఒక గండం గడిచింది. రెండోది కాగితం మీద ఉంది. తూటాలన్నీ ఒకచోటే పడుతున్నాయి, కానీ నడిమధ్యన కాదు, ఎడమకి, కిందికి. ట్రూడీ గురి ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది వంకరగా ఉన్నట్టుంది."

"ఏదీ, ఇటివ్వు." పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, పూలచెట్టుకి నీళ్ళు పోస్తున్నంత నింపాదిగా ఐదు తూటాలు కాల్చింది. ఐదూ మధ్యలో, అరచెయ్యి పెడితే కప్పేంత చోటులో పడ్డాయి.

ట్రూడీ ఆ రంధ్రాల దగ్గరికెళ్ళి వాటి మీద అరచెయ్యి ఆనించి చూసింది. పిస్తోలు చేతికి సరిపోలేదని ఏప్రిల్లో షెరీఫుతో తను అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు అది నిజమే. ఇప్పుడు అదే మాట అంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే అవుతుంది.

"పిస్తోలు బాగుంది," అంది వెనక్కొచ్చి. "బాగోలేనిది నేను."

"ఆ మాట అనడానికి నాకు పదేళ్ళు పట్టింది," అంది జెనీవా. "ట్రిగ్గర్ని లాక్కుంటున్నావు తల్లీ. నొక్కు. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియనంత మెల్లిగా."

డబ్బిచ్చి, చీటీ చూపించి, పిస్తోలు తెచ్చుకుంది. మిగిలిన డబ్బుకి స్ప్రింగు, కొన్ని పెట్టెల తూటాలు వచ్చాయి. ఆ తూటాలు వారానికొక పెట్టె చొప్పున శనివారాలకి అట్టేపెట్టి, తక్కిన రోజుల్లో తూటా లేకుండానే సాధన చేసింది. తూటాలన్నీ బట్టలుతికే గదిలో పెట్టి తలుపు వేసేది. పిస్తోలు ఖాళీ అని వెండెల్‌కి కూడా చూపించేది. అప్పుడు దాని గొట్టం కొసన పావలా డాలరు నాణెం నిలబెట్టి, వంటింటి గోడ మీది చుక్కకి గురిపెట్టి, నాణెం పడకుండా ట్రిగ్గరు నొక్కాలి. మొదటి వారమంతా నాణెం నేల మీదే. టింగ్. టింగ్.

"ఆ చప్పుడు వింటుంటే చర్చిలో చందా పళ్ళెం తిరుగుతున్నట్టుంది," అన్నాడు వెండెల్ పేపరు చాటునుంచి. "పాపాలన్నీ పోయుంటాయి ఈపాటికి."

"నీవి పోవాలంటే నోట్లు వెయ్యాలి."

వేలు వాచింది. ముంజేతులు నొప్పెట్టి కాఫీ కప్పు వణికేది. రెండో వారం చివరికి నాణెం పదిసార్లకి ఆరుసార్లు నిలబడింది. కంకర గుంట దగ్గర శనివారం కాల్చినప్పుడు రంధ్రాలు భోజనం కంచమంత చోటుకి సర్దుకున్నాయి. ఆపై శనివారం సాసరంత. ఆ తర్వాత మాత్రం, ఎందుకో తెలియదు, అన్నీ చెదిరిపోయాయి. ఒక పెట్టె మొత్తం కాల్చింది, ఒక్కటీ చెప్పిన చోట పడలేదు. మిగిలింది ఒక్క పెట్టె. పరీక్ష పది రోజుల్లో ఉంది. బండి వెనక తలుపు మీద కూర్చుని జెనీవాకి ఫోన్ చేసింది.

"ఏం చూస్తున్నావ్ కాల్చేటప్పుడు?" అంది జెనీవా.

"ఎక్కడ పడిందా అని కాగితం కేసి."

"అదీ సంగతి. పోయిన తూటా పోయింది, అది నీది కాదు. గొట్టం కొసన ఉన్న గురి ముక్కనే చూడు. కాగితం మసగ్గా కనపడాలి నీకు. ఇవాళ ఇంక కాల్చకు. ఇంటికెళ్ళి ఆ పావలాతోనే మాట్లాడుకో."

ట్రూడీ ఆ చివరి పెట్టెని పరీక్షకని విప్పకుండా ఇంటికి తెచ్చింది. పది రోజులూ నాణెంతోనే గడిపింది.

జూన్ పరీక్ష రోజు దిబ్బల మీద గాలి చెలరేగింది. ఇసుక ఎగిరి కళ్ళల్లో పడుతోంది. ఏప్రిల్లో నవ్విన కుర్రాళ్ళలో ఒకడు గట్టెక్కి డెప్యూటీ అయ్యాడు. రెండోవాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి నవ్వడం లేదు. అతను ఇసుకకి దగ్గుతుంటే ట్రూడీయే తన సీసాలోంచి మంచినీళ్ళిచ్చింది.

దగ్గర దూరాలు నీళ్ళు తాగినంత సులువుగా గడిచాయి. పిస్తోలు ఒక్కసారీ మొరాయించలేదు. ఆఖరుకి ఇరవై అయిదు గజాలు. ఏప్రిల్లో ఆమెని ముంచింది అక్కడే. నాలుగు తూటాలు కాల్చిందో లేదో గాలి ఒక్క విసురు విసిరి బొమ్మ కాగితాన్ని సగానికి చించేసింది.

"ఆపండి!" అని అరిచాడు ఎమెరిక్. అందరూ పిస్తోళ్ళు తోలు సంచుల్లో పెట్టేశారు. అతను వెళ్ళి కొత్త కాగితం కొట్టి, పాత రంధ్రాలు లెక్క పెట్టుకుని, టోపీ పట్టుకుని తిరిగొచ్చేదాకా అలాగే నిలబడాలి. లోపల వేడెక్కినదంతా ఆ నిరీక్షణలో చల్లారిపోయింది. ట్రూడీ అటువైపు, కాగితం వైపు చూడలేదు. బూటు ముందరి ఇసుకని చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకుంది.

"కానివ్వు!"

గురి ముక్క పదునుగా కనపడింది. వెనకాల మనిషి బొమ్మ మసక మబ్బులా ఊగుతోంది. ఊగనీ. నొక్కింది. ఎప్పుడు పేలిందో ఆమెకే తెలియలేదు. మళ్ళీ నొక్కింది. డబ్బీ ఖాళీ అయి పైభాగం వెనక్కి తెరుచుకుని నిలబడ్డాక గానీ అయిపోయిందని తెలియలేదు.

ఎమెరిక్ ఒకసారి లెక్కపెట్టాడు. పెన్సిలుతో రంధ్రాల చుట్టూ సున్నాలు చుట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. యాభైకి నలభై కావాలి.

"నలభై మూడు," అన్నాడు. తర్వాత గింజ తొక్క ఊసి, "మూడు ఎక్కువే తెచ్చావే," అన్నాడు.

"గాలి లేకపోతే ఇంకా తెచ్చేదాన్ని."

అతను చెయ్యి చాపాడు. ఆమె ఖాళీ చేసి చూపించి పిస్తోలు ఇచ్చింది. అరిగిన అంచుల మీద బొటనవేలు పోనిచ్చి ముఖం చిట్లించాడు. "దీన్నేంటి, కుక్క నమిలినట్టుంది?"

"కాల్చి చూడండి."

అతను ఒక డబ్బీ నింపుకుని, కాల్పుల గీత దగ్గర నిలబడి, మిగిలిన కాగితం మీద కాల్చాడు. తూటాలన్నీ ఒకేచోట పడ్డాయి. తన నడుముకున్న ఖరీదైన ఇనుప దిమ్మ మీద ఒక చెయ్యి వేసుకుని, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "ఆవిడ దగ్గర ఇంకా ఉన్నాయా?"

"బుట్ట నిండా ఉన్నాయి. కానీ విప్పి చూసుకోండి. నాలుగో దాకా నాకూ దొరకలేదు."

సోమవారం పొద్దున కోర్టు భవనం మెట్ల మీద జడ్జి ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసింది. వెండెల్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు గానీ ఫోటో తీసేటప్పుడు వేలు అడ్డం పెట్టాడు. జెనీవా రాలేదు, ఊలు టోపీ ఒకటి పోస్టులో పంపింది, వేసవి కాలమని కూడా చూడకుండా.

ఆ శనివారం ఆమె మొదటి డ్యూటీ. రేడియోలో వచ్చిన మొదటి కబురు, పెద్ద రోడ్డు మీద ఆబోతు నిలబడి ఉందని. ట్రూడీ దీపాలు వెలిగించుకుని వెళ్ళింది. నల్లటి ఆబోతు, తెల్ల గీత మీద అడ్డంగా నిలబడి, అటూ ఇటూ ఆగిన కార్లను తీరిగ్గా చూస్తోంది. హారన్ కొడితే చెవి ఆడించింది. ట్రూడీ కారు దిగి, నడుము దగ్గర పిస్తోలు బరువుని ఒకసారి సర్దుకుని, టోపీ తీసి దాని ముఖం ముందు ఊపుతూ, చిన్నప్పుడు తండ్రి వేసిన కేకే వేసింది. ఆబోతు కాసేపు ఆలోచించి, దారి ఇస్తున్నట్టుగా కంచె వైపు నడిచింది. ఆమె వెనకాలే నడిచి గేటు వేసి, గొలుసు బిగించి, చేతులు దులుపుకుంది. కారులో రేడియో మళ్ళీ గరగరలాడింది. ఈసారి పిలుపు ఉత్తరం దిబ్బల అవతల నుంచి, పక్కింటివాళ్ళ తగవు. ఎవరు దగ్గర్లో ఉన్నారని అడుగుతోంది కొత్తగా ఫోన్ల దగ్గర కూర్చున్న పిల్ల.

"నేనున్నాను," అంది ట్రూడీ. "పది నిమిషాల్లో అక్కడుంటాను," అని కారు తిప్పింది.